తెరకొయ్య చివరి మనిషి

మా మేనత్త ముప్పై నాలుగేళ్లు ఉమ్మి మీద బతికింది. నవ్వకండి, నిజం. మ్యూజియం వెనక గదిలో పాత చిత్రాల మీది మురికి తీయడం ఆవిడ ఉద్యోగం. ఆ పనికి ఉమ్మిని మించిన మందు లేదట. పుల్లకు దూది చుట్టి, నాలుకతో తడిపి, గోరంత చోటు తుడిచి పారేస్తుంది. మళ్లీ కొత్త దూది. నోరు శుభ్రంగా ఉండాలని మధ్యాహ్నం దాకా కాఫీ ముట్టదు. కడుపులో కాఫీ పడని అత్తను పలకరించే ధైర్యం మామయ్యకే లేదు, ఇక నేనెంత!

రిటైరయ్యే ఏడు ఆవిడ బల్ల మీదికి మూడు వందల ఏళ్ల నాటి ఓడ బొమ్మ వచ్చింది. ఎవరూ చూడని తీరాన్ని వెతుక్కుంటూ పోతున్న ఓడ. ముందువైపు నావికులు దూరంగా ఏదో చూపిస్తూ కేకలు వేస్తుంటారు. వెనకవైపు నలుగురు, గుడ్డలో చుట్టిన శవాన్ని నీళ్లలోకి దించుతుంటారు.

"ఇదేం బొమ్మత్తా? ఒక పక్క సంబరం, ఒక పక్క చావు!" అన్నాను.

"అలాగే వెళ్లార్రా. పోయినవాణ్ణి దించేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ముందుకే," అంది.

ఆ తర్వాత తెరచాప కట్టే తెరకొయ్య పైన, ఖాళీగా ఉన్న చివర చూపించింది. "ఇక్కడ ఒకడుండేవాడు. నేనే తుడిచేశాను."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే బొమ్మ తుడుస్తూ, అక్కడి నల్లచుక్కను ఈగ రెట్ట అనుకుందట. దూదికి ఎరుపు అంటగానే చెయ్యి ఆపేసింది. పాత ఫొటో తీసి భూతద్దంలో చూస్తే ఎర్ర టోపీ, కళ్లకు అడ్డంగా చెయ్యి. నేల కనబడుతుందేమోనని పైకెక్కిన మనిషి. ఉద్యోగం ఊడుతుందని అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు చెబితే ఇన్నేళ్ల మంచిపేరు గంగలో కలుస్తుంది. చెప్పకుండా ఇంటికి వెళ్లిపోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

మర్నాడు పై అధికారికి చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నాడు.

"వెళ్లిపోయే ముందు ఇదేంటండీ? మీ చేతికి తిరుగుందా? రెండు నిమిషాల్లో వేసేయండి, మూడోకంటికి తెలియదు."

"నేను వేస్తే వాడు నా మనిషవుతాడు గానీ, ఆ చిత్రకారుడి మనిషి ఎలా అవుతాడండీ?"

ఏ బొమ్మ బాగుచేసినా, చేసిన పని చీటీ మీద రాసి వెనక అంటించడం వాళ్ల పద్ధతి. అత్త రాసింది: "తెరకొయ్య చివర ఒక మనిషి ఉండేవాడు. మురికి అనుకుని నేను తుడిచేశాను." కింద సంతకం. ఆ పూట పదింటికే కాఫీ తెప్పించుకుని హాయిగా తాగింది.

అధికారి వారం రోజులు ముభావంగా తిరిగాడు. చివరికి ఏమనుకున్నాడో, ఆ రెండు వాక్యాలనూ పెద్ద అక్షరాలతో రాయించి బొమ్మ పక్కనే గోడకు పెట్టించాడు. ఇప్పుడు అది చదివినవాళ్లంతా శవాన్నీ సముద్రాన్నీ వదిలేసి, మెడలు చాచి ఆ కొయ్య చివరే చూస్తున్నారు. వాడు బొమ్మలో ఉన్నన్నాళ్లూ ఒక్కరు కూడా వాణ్ణి చూసింది లేదు.