అవ్వ దాచిన నాలుగు చక్రాలు

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంట్లో నాలుగు కారు చక్రాలుండేవి. కారు మాత్రం మాది కాదు, పక్కింటి పెదనాయనది. కిరాయికి తిప్పే పాత కారు అది. చక్రాలు ఊడదీసి దాన్ని వాళ్ల ఇంటి ముందు రాళ్ల మీద నిలబెట్టాడు. మా వీధి పిల్లలకు రోజూ అదే వింత.

సంగతేమిటంటే, ఆ ఏడు కారు ఇన్సూరెన్స్ గడువు తీరిపోయింది. కొత్తగా కట్టడానికి వెళ్తే కిందటేటి కన్నా బాగా పెంచారట. కారు ముసలిదవుతున్నా, కిరాయిలు తగ్గుతున్నా, కట్టేది మాత్రం ఏటేటా పెరగడమేనని పెదనాయన అరుగు మీద కూర్చుని గొణుక్కునేవాడు. ఇన్సూరెన్స్ కాగితం లేకుండా బండి తిప్పేవాళ్లు అప్పట్లో చాలామందే ఉండేవారు. తనకూ ఆ బుద్ధి పుడుతుందని భయపడ్డాడేమో, ఒక పొద్దున చక్రాలు దొర్లించుకుంటూ వచ్చి మా అవ్వకు అప్పజెప్పాడు.

“పైసలు కట్టేదాంక ఇవి నీ కాడనే ఉండనీ అవ్వా. నేనొచ్చి అడిగినా ఇయ్యకు” అన్నాడు.

మాది నేత ఇల్లు. ఉన్న కాస్త జాగాలో సగం మగ్గానికే పోయేది. అవ్వ సణుగుతూనే ఆ చక్రాలకు మగ్గం పక్కన చోటు చేసింది. పీట వదిలేసి చక్రం మీద కూర్చుని నూలు కండెలు చుట్టడం నాకు మహా గొప్పగా ఉండేది. ఆ గొప్ప మా వీధిలో ఇంకెవరికీ లేదు మరి.

కొన్ని రోజులకు వనపర్తికి పెళ్లి కిరాయి ఒకటి వచ్చింది. అది తగిలితే ఇన్సూరెన్స్ డబ్బు చాలావరకు చేతికొచ్చినట్టే. పెదనాయన వచ్చి చక్రాలడిగాడు. మొదట నవ్వుతూ అడిగాడు, తర్వాత బతిమాలాడు. చివరికి ఆయనకు కోపమొచ్చింది.

“నా చక్రాలు నాకియ్యనీకి నీకేం కష్టమే అవ్వా?”

“నువ్వే చెప్తివి గద బిడ్డా, అడిగినా ఇయ్యకని” అంది అవ్వ, రాట్నం ఆపకుండానే.

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే జాలికన్నా ఆశ ఎక్కువ. కారెక్కి వనపర్తి చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఆ మధ్యాహ్నం నాన్న నూలు తేవడానికి పోయాడు, అవ్వ కునుకు తీసింది. నేను ఒక్కో చక్రాన్నీ దొర్లించుకుంటూ పెదనాయన ముందు పెట్టాను. నాలుగోది చేర్చేసరికి నా చేతులూ లంగా నల్లగా అయిపోయాయి.

పెదనాయన నన్ను వద్దనలేదు. జాకీతో కారు ఎత్తి గబగబా చక్రాలు బిగించడం మొదలుపెట్టాడు. అదే సందని నేను ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాను. చివరి చక్రం బిగిస్తూ ఆయన తలెత్తాడు. అద్దంలోంచి నేను కనబడ్డాను.

“నువ్వెందుకెక్కినవ్?”

“నేను గూడ వస్త పెదనాయినా.”

ఆయన చేయి ఆగిపోయింది. పానా పక్కన పెట్టి మట్టిలోనే చతికిలబడ్డాడు. “దార్ల నీకేమన్న అయితే మీ నాయినకు ఏం జెప్పాలె బిడ్డా? కాగితం గూడ లేకపాయె, ఇయ్యనీకి నా కాడ ఏమున్నది?” అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి బిగించిన చక్రాలన్నీ మళ్లీ ఊడదీశాడు. ఆ పెళ్లివాళ్లు ఇంకో కారు మాట్లాడుకున్నారు.

చక్రాలు తిరిగి తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. నూలు చీరకు పట్టు అంచు కలపాలంటే మగ్గం దగ్గర ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి దొరక్క నాన్న తంటాలు పడుతున్నాడు. మర్నాడు పెదనాయన వచ్చి ఆ చోట కూర్చున్నాడు. స్టీరింగు పట్టిన చేతికి పోగులు ఊరికే తెగిపోయేవి. “ఈడ హారన్ కొడితే పోగు పక్కకు జరుగదన్నా” అని నాన్న ఆటపట్టించేవాడు. అలా కొన్ని చీరలు దిగాక, ఆ కూలితో ఇన్సూరెన్స్ కాగితం వచ్చింది. అవ్వ చక్రాలకు కుంకుమ బొట్లు పెట్టి మరీ ఇచ్చింది. పెదనాయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆ కాగితం నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. వనపర్తి దాకా దాన్ని నలగనివ్వలేదు నేను.

ఇప్పుడు నా కొడుకు రోజూ నలుగురు పంతుళ్లను కారులో వనపర్తికి దించి వస్తాడు. మొన్న గడువు తీరిందని ఫోన్లో ఇన్సూరెన్స్ ఎంతో చూసుకుని తల పట్టుకున్నాడు. “పోయినేటి కన్న మస్తు పెంచిండ్రే అమ్మా. జర ఒక్క నెల ఆగి కడ్త. గంతల ఏమైతది?” అన్నాడు. వాడి బాధ అబద్ధం కాదు. పెట్రోలూ, టైర్లూ, కారు కిస్తీ అన్నీ వాడి నెత్తి మీదే ఉన్నాయి. అన్నీ పెరుగుతున్నాయి, పంతుళ్లిచ్చేది మాత్రం పెరగలేదు.

కారు తాళంచెవి ఒకసారి ఇమ్మని తీసుకుని కొంగుకు ముడేసుకున్నాను. నాన్న తర్వాత మగ్గం నేస్తున్న మా తమ్ముడికి రెండో మనిషి లేడని కూడా చెప్పాను. చిన్నప్పుడు ఆ పని చేసిన చేయే వాడిది. చాలాసేపు గొణిగాడు, అలిగి అన్నం తినలేదు. ఈ పొద్దున మాత్రం మా తమ్ముడింటివైపే నడిచాడు.

నేను పని చేసుకుంటుంటే తాళంచెవి నడుముకు గుచ్చుకుంటోంది. గుచ్చుకున్నప్పుడల్లా నల్లటి చేతులతో ముందు సీట్లో కూర్చున్న ఆ పిల్లా, మట్టిలో చతికిలబడ్డ పెదనాయనా కళ్లముందుకొస్తున్నారు. సాయంత్రం వాడొచ్చి అడుగుతాడు. అడిగినా ఇవ్వను.