పెచ్చుల కారు

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో ద్వారకానాథ్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పెచ్చుల కారబ్బాయి అంటే మాత్రం అక్కడి తెలుగువాళ్ళకి ఇట్టే తెలిసేది. ముమ్మిడివరం దగ్గర పల్లె నుంచి మాస్టర్స్ చదవడానికి సిడ్నీ వచ్చాడు. చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న సీనియర్ దగ్గర రెండువేల ఎనిమిది వందల డాలర్లకి ఓ పాత తెల్ల కారు కొన్నాడు. ఇంజిన్ బంగారం. ఒంటి సంగతి మాత్రం అడక్కూడదు. ఏళ్ళ తరబడి ఎండకి మాడి పైకప్పు మీదా బానెట్ మీదా రంగు పెచ్చులుగా లేచిపోయింది. లేచినచోటల్లా కింది బూడిదరంగు పళ్ళికిలించేది. మోటర్‌వే ఎక్కితే చాలు, రంగు రేకులు గాలికి లేచి వెనక కారువాడి అద్దం మీద పడేవి.

మనిషి మంచివాడే, కాకపోతే నోట్లో నాలుక లేదు. నోరు లేనివాడికి రోషం కూడా లేకపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఆ రోషమొకటి వీడికి రెండు పాళ్ళు ఎక్కువే పోశాడు దేవుడు. ఎవరైనా ఓ మాటంటే ఎందుకన్నావని అడగడు. లోపలే పెట్టుకుని నెలల తరబడి నములుతూ ఉంటాడు. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు జాలీ వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

అద్దె ఇంట్లో నలుగురు కుర్రాళ్ళుండేవారు. పక్కగది ఐజాక్‌ది నరసాపురం. బ్రెడ్డు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసేవాడు. ఇతను లేచేసరికి అతను పడుకునేవాడు. ఒకే కప్పు కింద ఉంటూ ఎప్పుడైనా ఫ్రిజ్ దగ్గర తగిలితే పలకరింపు, లేకపోతే అదీ లేదు. ద్వారకానాథ్ కుక్కర్ గిన్నెలోనే పచ్చడి కలుపుకుని, ఒక్కోసారి ఆ గిన్నె పట్టుకుని కార్లో కూర్చుని తినేవాడు. గదిలో గోడ చూస్తూ తినడం కంటే కార్లోంచి వీధిని చూస్తూ తినడం నయమనిపించేది. వీధిలో మాత్రం ఎవరుంటారు, సాయంత్రం అయిదు దాటితే కుక్కని తిప్పేవాళ్ళు తప్ప.

అలాంటివాడికి సీతాదేవి ఆంటీ దొరకడం అదృష్టమనే చెప్పాలి. ఇండియన్ షాపులో గోంగూర ముందు నిలబడి ఇంటికి ఫోన్ మాట్లాడుతుంటే, పక్కనుంచి "ఆ యాస మాదే. ఏ ఊరు బాబూ నీది?" అందావిడ. ఆవిడది రావులపాలెం. భర్త రామ్మోహన్ గారు డాక్టరు, సిడ్నీ వచ్చి పాతికేళ్ళు దాటింది. స్కోఫీల్డ్స్‌లో కొత్త ఇల్లు కట్టిస్తూ, ఆ పక్కనే అద్దెకుండేవారు. ఇక అక్కణ్ణుంచి ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. అంకుల్ మాట పొదుపు. ఆంటీ మాత్రం వడ్డిస్తూ వాళ్ళమ్మ గురించీ, వాళ్ళింటి పాడి గురించీ, ఈనిన గేదె గురించీ అడిగి అడిగి చెప్పించుకునేది. వారం మొత్తంలో ద్వారకానాథ్ నోరు విప్పేది ఆ పూటే.

కొత్త ఇంటి గృహప్రవేశానికి ముందురోజు ఆంటీ ఫోన్ చేసింది. "రేపు అందరికంటే పెందలాడే రావాలిరా. నీతో ఓ పనుంది, వచ్చాక చెప్తా." కుర్చీలు వెయ్యడమో, వంటసామాను దింపడమో అనుకున్నాడు. తనతో పనుందని ఒకరు పిలవడమే అతనికి పండగ. ఇత్తడి దీపపు కుందె ఒకటి కొని, రంగుకాగితం చుట్టించి, తెల్లారకుండానే బయల్దేరాడు.

ఇంటి ముందు, డ్రైవ్‌వే మొదట్లో కారు ఆపాడు. దిగాడో లేదో, పట్టుపంచెలో ఉన్న రామ్మోహన్ గారు చెవి దగ్గర ఫోన్‌తో హడావుడిగా బయటికొచ్చారు.

"ద్వారకా, ఆ కారు అక్కడొద్దయ్యా. తీసేసి దూరంగా ఎక్కడైనా పెట్టు" అన్నారు. మళ్ళీ ఫోన్‌లో ఎవరికో దారి చెప్తూ లోపలికి వెళ్ళిపోయారు.

ద్వారకానాథ్‌కి తల కొట్టేసినట్టయింది. వీధికి అటుపక్కన అప్పటికే నాలుగైదు కార్లు తళతళలాడుతూ బారుతీరి ఉన్నాయి. వాటినెవరూ ఏమీ అనలేదు. గుమ్మానికి మామిడాకులూ బంతిపూలూ కట్టుకున్న కొత్త ఇంటి ముందు తన కారు అతనికే అసహ్యంగా కనిపించింది. ఎందుకు అంకుల్ అని ఒక్క మాట అడిగితే ఈ కథే లేదు. అడగలేదు. కారెక్కి వీధి చివరికెళ్ళాడు. అక్కడ ఆగలేదు. తిన్నగా క్వేకర్స్ హిల్ వచ్చేసి, పట్టుచొక్కాతోనే మంచం మీద పడి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఆంటీ ఫోన్. పెట్రోలు బంకులో షిఫ్టు పడింది ఆంటీ, అర్జంటుగా రమ్మన్నారు అని అబద్ధం చెప్పాడు. వారం పోయాక ఆవిడే మళ్ళీ చేసి, "ఆ రోజు ఏమైందో తెలుసా నీకు" అని మొదలుపెట్టింది. క్లాసులో ఉన్నా ఆంటీ, నేనే చేస్తానన్నాడు. చెయ్యలేదు.

మనసులో మాత్రం ఒకటి గట్టిగా అనుకున్నాడు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్తే ఇదే కారులో వెళ్ళాలి, ఆ డ్రైవ్‌వే మొదట్లోనే ఆపాలి, ఎవ్వరూ తియ్యమనకూడదు.

కార్లకి రంగులేసే టోనీ షెడ్డు బ్లాక్‌టౌన్ వెనక సందులో ఉంది. టోనీ కారు చుట్టూ తిరిగి, గోటితో ఓ పెచ్చు లేపి చూసి, "ఎంతకి కొన్నావ్?" అని అడిగాడు. విని నవ్వలేదు, అదే పదివేలు. మొత్తం రంగు వెయ్యాలంటే ఆరువేల ఎనిమిది వందలు అవుతుందన్నాడు.

ద్వారకానాథ్ నీళ్ళు నమిలాడు. రంగు డబ్బాకి అంతెందుకవుతుందని అడగలేక, టోనీ ముఖం వంక చూశాడు. అందులో రంగు ఖరీదు ఏపాటి, ఖరీదంతా చేతిపనిదే. లైట్లూ హ్యాండిళ్ళూ రబ్బర్లూ విప్పాలి. పెచ్చులన్నీ లేపేసి, రేకు నున్నబడేదాకా రుద్దాలి. సొట్టలు పూడ్చి ప్రైమర్ కొట్టి మళ్ళీ రుద్దాలి. ఆపైన రంగు, రంగు మీద మెరుపుకోటు, చివర్న పాలిష్. పోనీ పైకప్పూ బానెట్టూ వేసి వదిలేస్తే, పాత తెలుపూ కొత్త తెలుపూ కలవక అతుకుల బొంతలా ఉంటుంది. రెండువేలకి వేసేవాళ్ళూ లేకపోలేదు, వాళ్ళు పెచ్చుల మీదే కొట్టేస్తారు, ఏడాది తిరక్కుండా మళ్ళీ లేస్తుంది. తలంటుకీ పౌడరద్దుకోవడానికీ ఉన్నంత తేడా అన్నమాట. టోనీ అంతా చెప్పి, ఈ డబ్బుతో ఇంకో కారు కొనుక్కోమని కూడా చెప్పాడు.

ఐజాక్ కూడా అదే అన్నాడు. "ఏంటి బావా, కారు కన్నా రంగు ఎక్కువా? ఆ ఎమౌంట్ పెడితే సుబ్బరంగా ఇంకో బండొస్తది కదా."

"ఇంకోటి కాదురా. ఇదే కావాలి" అన్నాడు ద్వారకానాథ్. ఎందుకో చెప్పలేదు. ఐజాక్‌కి డ్యూటీ టైమైంది, అడగలేదు.

ఆ తరవాతి ఏడాదిని ఏమని చెప్పను. పెట్రోలు బంకులో చెయ్యగలిగినన్ని గంటలూ చేశాడు. సెలవులకి ఇంటికెళ్దామని దాచుకున్న టిక్కెట్టు డబ్బు రంగు కిందికి మళ్ళించాడు. వాళ్ళమ్మకి ప్రాజెక్టుందని చెప్పాడు. క్రిస్మస్‌కి ఐజాక్ నరసాపురం వెళ్ళాడు, మిగతా ఇద్దరూ మెల్‌బోర్న్ వెళ్ళారు. ఆ నెలంతా ఇంట్లో అతనూ, కిటికీ గట్టు మీద రంగుకాగితం విప్పని దీపపు కుందె, అంతే. బంకులో కస్టమర్లకి చెప్పే థాంక్యూలు తప్ప, నోటమ్మట మాట రాని రోజులు గడిచాయి. ఒకనాడు చారు పొంగుతుంటే అయ్యో అని తనే అని, ఆ గొంతు విని తనే ఉలిక్కిపడ్డాడు.

ఆంటీ ఉగాదికి పిలిచింది. పనుందన్నాడు. వినాయక చవితికి పిలిచింది, ఉండ్రాళ్ళు చేశానంది. ఎగ్జామ్ అన్నాడు. దీపావళికి మెసేజ్ పెట్టింది. ఆ తరవాత ఆవిడ మాత్రం ఎన్నిసార్లని పిలుస్తుంది, మానేసింది. పిలిచినన్నాళ్ళూ తప్పించుకున్నవాడు, పిలుపు ఆగిపోయాక రోజూ ఫోన్ తీసి చూసుకునేవాడు. యూనివర్సిటీ నుంచి రైల్లో వస్తూ క్వేకర్స్ హిల్‌లో దిగుతాడా, తలుపులు మూసుకుని ఆ రైలు స్కోఫీల్డ్స్ వైపు వెళ్ళిపోయేది. అది మలుపు తిరిగేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడేవాడు. ఎంత వెర్రివాడు చూడండి.

చదువైపోయింది. అడిలైడ్ పక్కన మాసన్ లేక్స్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. అప్పటికి టోనీ అడిగిన మొత్తం కూడింది. కారిచ్చి రెండు వారాలాగి వెళ్తే, తన కారేదో తనకే తెలియలేదు. పాలమీగడలా మెరుస్తోంది. టోనీ తాళంచెవి చేతిలో పెడుతూ, రంగు లోపలిదాకా గట్టిపడటానికి నెల పడుతుందనీ, అప్పటిదాకా వట్టి నీళ్ళు తప్ప దీనిమీద ఏదీ పడనివ్వొద్దనీ మరీ మరీ చెప్పాడు.

అటునుంచి అటే స్కోఫీల్డ్స్ వెళ్ళాడు. డ్రైవ్‌వే మొదట్లోనే ఆపాడు. పొద్దున్నే ఇంట్లోంచి వెంట తెచ్చుకున్న దీపపు కుందె చంకలో పెట్టుకుని బెల్లు కొట్టాడు.

తలుపు తీసిన ఆంటీ అతని వంకా కారు వంకా మార్చి మార్చి చూసింది.

"నువ్వట్రా? ఆ కారు చూసి అంకుల్ పేషెంట్ ఎవరో అనుకున్నాను. నీ పాత కారైతే వంటింటి కిటికీలోంచే తెలిసేది. పెచ్చుల కారు ఏది పోయినా నువ్వేనేమో అని తొంగి చూస్తానే ఉన్నాను ఇన్నాళ్ళూ."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చిక్కిపోయావంది. ఆపైన అసలు మాటకొచ్చింది.

"గృహప్రవేశం నాడు ఎంత పని చేశావురా. ఆవుని తెప్పించాం, రిచ్‌మండ్ అవతల ఎవరిదో ఫార్మ్ నుంచి. ఆ ట్రైలర్ డ్రైవ్‌వేలోకి రివర్స్ చెయ్యాలి, నీ కారు అడ్డముంది, తియ్యమని అంకుల్ చెప్పొచ్చారు. పెట్టొస్తావనుకుంటే నువ్వు డ్యూటీకి పోయావు. ఆవేమో ట్రైలర్ దిగి గుమ్మం ముందు మొరాయించింది. మా వాళ్ళలో పశువుని పట్టడం ఒక్కడికొస్తే ఒట్టు. నిన్ను పెందలాడే రమ్మంది దానికే కదా. మీ ఇంట్లో పాడి ఉంది, ద్వారక పట్టుకుంటాడులే అన్న ధైర్యంతోనే ఆవుని బుక్ చేశాను."

"ఐ వాజ్ పుల్లింగ్, ఇట్ వాజ్ పుల్లింగ్" అన్నారు రామ్మోహన్ గారు సోఫాలోంచి. "ముహూర్తం దాటిపోతోంది. ద్వారకా ఏడీ, ద్వారకా ఏడీ అని ఇల్లంతా నీ పేరే ఆ రోజు."

ఈ ఊళ్ళో తన పేరు పట్టుకుని ఓ ఇంటిల్లిపాదీ పిలిచిన రోజు ఒక్కటే ఒక్కటుంటే, ఆ రోజు తను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ద్వారకానాథ్‌కి సిగ్గేసింది. తనమీద తనకే పట్టరాని కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది, తల వంచుకుని దాచుకున్నాడు.

"రంగుకెంతయిందేంటి?" అనడిగింది ఆంటీ. చెప్పాడు.

"పాత కారుకి అంతెందుకు పోశావురా?"

"మీ ఇంటి ముందు పెట్టుకోవడానికి ఆంటీ" అన్నాడు. ఆ రోజు అంకుల్ మాట తను ఏమనుకున్నదీ, షిఫ్టు అబద్ధమనీ, ఎల్లుండి అడిలైడ్ వెళ్ళిపోతున్నదీ, అన్నీ ఆ వంచిన తలతోనే చెప్పేశాడు. రామ్మోహన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆవిడ తిట్టలేదు. "ఇన్నాళ్ళూ క్వేకర్స్ హిల్‌లోనే ఉన్నావా" అంది. "కారుకి మొహమాటపడితే రైలెక్కి రాకూడదటరా. ఒక్క స్టేషనే కదా."

అతనికి ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసిన రైళ్ళన్నీ గుర్తొచ్చాయి.

అన్నం పెట్టి, వెళ్ళొస్తానంటే ఆగమంది. పూజగదిలోంచి పసుపూ కుంకుమా నీళ్ళలో కలిపి తెచ్చింది, చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. "కొత్తకారుతో సమానం, ఊరు కాని ఊరు పోతున్నావు" అంటూ బానెట్ ముందు నిలబడింది. టోనీ చెప్పింది ద్వారకానాథ్‌కి నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆవిడ అయిదు వేళ్ళతో మెల్లగా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. అతను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

మాసన్ లేక్స్‌లో కొత్త గది, కొత్త ముఖాలు, సాయంత్రాలు మళ్ళీ అవే. మొదటి ఆదివారం కారు కడిగాడు. ఆరీ ఆరని రంగులోకి పసుపు ఇంకిపోయింది. ఎంత కడిగినా అయిదు వేళ్ళ చారలూ వాటి మధ్య గులాబీరంగు బొట్టూ అలాగే ఉన్నాయి. పక్క ఫ్లాట్ కుర్రాడు చూసి, మంచి పెయింట్ పాడైపోయిందే, బానెట్ ఒక్కటీ మళ్ళీ కొట్టించెయ్, ఇక్కడ పెయింట్‌షాపు ఉందన్నాడు. అలాగేనన్నాడు ద్వారకానాథ్. దానికి ఎంతవుతుందో మాత్రం ఎవరినీ అడగలేదు.