కెమెరాకు తొడిగిన తోలు

మే నెల ఎండలో రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తున్నప్పుడు నా కెమెరా పైపొర ఊడటం మొదలైంది. వేళ్లకు జిగటగా ఏదో తగిలితే ఆగి చూశాను. ముందువైపు నల్లటి తొడుగు ఒక మూల లేచి, కింద పసుపుపచ్చని జిగురు కనబడుతోంది. తోలులా కనిపించే రబ్బరు అది. అంత ఖరీదైన కెమెరాకు, లోపలంతా ఇత్తడితో చేసిన వస్తువుకు, ఇలాంటి తొడుగు వేశారేమిటని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్పై ఏళ్లు వచ్చిన సంవత్సరం, ఇంట్లో అందరూ వద్దంటున్నా, నాకోసం నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అది.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో దాన్ని నా స్నేహితురాలికి చూపించాను. మేమిద్దరం ఒకే టీములో పనిచేసేవాళ్లం. నేను టెస్టింగ్, తను కోడ్ రాసేది. తన తప్పులు నేను పట్టుకోవడంతో మొదలైన స్నేహం. మాది కోస్తా నుంచి వచ్చి నిజాంపేటలో స్థిరపడిన కుటుంబం. తనది శంకర్‌పల్లి అవతల చిన్న ఊరు. మాదాపూర్‌లో హాస్టల్లో ఉండేది. శనివారాలు ఇద్దరం ఒకే కెమెరాతో తిరిగేవాళ్లం. దుర్గం చెరువు గట్టు, పగలగొట్టకుండా మిగిలిన బండరాళ్లు, కట్టుబడి పనివాళ్ల టీ బండ్లు. కెమెరా నాదే గానీ మంచి ఫొటోలన్నీ తనవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు.

"ఏందే గిట్లయింది? పాము కుబుసం లెక్క ఊడ్తుంది" అని తను నవ్వింది.

మాదాపూర్‌లో ఫోన్లకు స్టిక్కర్లు వేసే దుకాణానికి ఇద్దరం వెళ్లాం. అతను పాత రబ్బరు పీకేసి మొసలి చర్మంలాంటి ప్లాస్టిక్ కాగితం అంటించాడు. వారం తిరక్కముందే చెమటకు అదీ జారిపోయింది. నేను ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. జపాన్‌లో, ఇంగ్లండ్‌లో కెమెరాల కొలతకు తోలు కోసి పంపేవాళ్లున్నారు. ఒకరోజు ఆ రంగులన్నీ తనకు చూపిస్తుంటే తను ఒక్కొక్కటే జరిపి చూసింది. తర్వాత స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే అంది:

"మా నాయినకియ్యి. మంచిగ జేస్తడు."

"మీ నాన్న చేస్తారా? వ్యవసాయం కదా?"

"ఎకరంన్నర ఉంది. కని నాయినది తోలు పని. చెప్పులు కుడ్తడు, డప్పులు కడ్తడు. మా తాతది గూడ గదే పని."

రెండేళ్ల స్నేహంలో ఆ మాట మొదటిసారి చెప్పింది. నేను ఒక్క క్షణం ఆగాను. ఒక్క క్షణమే. ఆ వెంటనే "అయితే ఈ ఆదివారమే వెళ్దాం పద" అన్నాను, కాస్త ఎక్కువ ఉత్సాహంతో. తను నా మొహంలోకి చూసి తల ఊపింది.

వెళ్లే ముందు ఇంకో పని పెట్టుకున్నాం. కెమెరా పైరేకు మీది నల్లరంగు అక్కడక్కడా బుడగలు కట్టింది. దాన్ని పూర్తిగా తీసేసి ఇత్తడిని బయటపెట్టాలని నాకు ఆశ. తన హాస్టల్ డాబా మీద చాప వేసుకుని, కెమెరా సందులన్నీ టేపుతో మూసి, సన్నటి ఉప్పుకాగితంతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దాం. తను రుద్దుతుంటే నేను ఊదాలి, నేను రుద్దుతుంటే తను ఊదాలి. ఎదురుగా కొత్త టవర్ల అద్దాల మీద ఎండ మారుతోంది. నల్లరంగు కింద మొదట బూడిదరంగు వచ్చింది, దాని కింద ఇత్తడి. ఆ పసుపు కనబడగానే తను "ఓయమ్మో, బిందె లెక్కుంది!" అని అరిచింది. హాస్టల్ వార్డెన్ పైకి వచ్చి ఏం పగలగొట్టారని అడిగింది.

ఆదివారం తన స్కూటర్ మీద వాళ్ల ఊరు వెళ్లాం. కోకాపేట దాటాక భవనాలు తగ్గి, మొక్కజొన్న చేలు వచ్చాయి. వాళ్లది రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పందిరి. పందిరి కింద వాళ్ల నాన్న కూర్చుని ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ల మీద గోనెపట్టా కప్పుకుని. ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. "నమస్తే అంకుల్" అన్నాను. ఆ మాట ఆ పందిరి కింద కుదరలేదు.

ఆయన కెమెరాను రెండు చేతులతో తీసుకుని, తిప్పి తిప్పి చూశారు.

"ఎట్ల పడ్తవ్ బిడ్డా? పట్టి సూపియ్యి."

నేను పట్టుకుని చూపించాను. ఆయన నా వేళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసి, బొగ్గుముక్కతో అక్కడ గుర్తులు పెట్టారు. తర్వాత కూతురి చేతికిచ్చి "నువ్వు పట్టు" అన్నారు.

"నాది గాదు నాయినా, దాందే."

"ఎవరిదైతేంది, ఇద్దరు వాడ్తరు గద."

తన వేళ్ల చోటు కూడా గుర్తుపెట్టారు.

డప్పు తోలు దీనికి పనికిరాదన్నారు. గట్టిగా ఉంటుంది, తడి తగిలితే సాగుతుంది. ఇంట్లోంచి చిన్న మూట తెచ్చి విప్పారు. లోపల మేకపిల్ల తోలు, తంగేడు చెక్కతో ఊని పదును చేసినది, లేత ఇటుకరంగులో. ఎందుకోసమో దాచుకున్న ముక్క అని చూడగానే తెలుస్తోంది. అడిగితే "మంచి తోలు దొరికితె పెట్టుకుంట, ఎప్పుడో ఒకప్పుడు పనిపడ్తది" అన్నారు. అట్టముక్క మీద కెమెరా ఆకారం గీశారు. లెన్సు చుట్టూ గుండ్రం, వెనక తెరకు చదరం, మీటల కోసం చిన్న చిన్న సందులు. రంపె అనే వెడల్పాటి కత్తితో తోలు లోపలివైపు చెక్కడం మొదలుపెట్టారు. చెక్కి, వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ చెక్కి. కాగితమంత పలచనయ్యేదాకా వదల్లేదు. కానీ బొగ్గు గుర్తులున్నచోట మాత్రం కొంచెం మందం ఉంచారు.

"సొల్యూషన్‌తో అతికిస్తారా?" అని అడిగాను.

"అద్దు. అది పట్టిందంటె ఇగ ఇడువది. చింతగింజల జిగురు పెడ్త. రేపు పాతదైతె నానబెట్టి తీసుకోవచ్చు."

జిగురు ఆరేలోపు వాళ్లమ్మ జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. నేను ఇంకో రొట్టె అడిగి తిన్నాను. సాయంత్రం ఆయన కెమెరా నా చేతిలో పెట్టారు. వేళ్లు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. తోలు చల్లగా, మెత్తగా, ప్రాణమున్నదానిలా ఉంది. నేను వెంటనే ఆయన్ని ఫొటోలు తీశాను. రంపె పట్టుకున్న చేతులు, పందిరి, ఆయన మొహం. "నాయినా, ఇటు చూడు" అని నా నోటివెంట వచ్చేసింది. ఆయన నవ్వారు. తను నావైపు ఎంత ప్రేమగా చూసిందో చెప్పలేను. అంతకు ముందుగానీ తర్వాతగానీ నన్నెవరూ అలా చూడలేదు. ఫొటోలు ప్రింటు వేయించి తెస్తానని మాటిచ్చి బయల్దేరాను.

మరుసటి ఆదివారం తను మా ఇంటికి వచ్చింది. అమ్మ ఉప్మా చేసింది. కెమెరా బల్ల మీద ఉంది. అమ్మ చేతిలోకి తీసుకుని నిమిరి ముచ్చటపడింది.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందే! ఇంత బాగా ఎక్కడ చేయించావు?"

తను స్పూను ప్లేటులో పెట్టి, చెప్పబోతున్నట్టు నవ్వుతూ తలెత్తింది. ఆ నవ్వు చూస్తూనే నేను అన్నాను:

"ఆన్‌లైన్‌లో తెప్పించానమ్మా. ఇటలీ తోలు."

ఎందుకన్నాను? ఆలోచించి అన్నది కాదు. అమ్మ ఏమంటుందోనన్న భయం ఒక్కటే కాదు. నాలో ఎక్కడో ఆ ఒక్క క్షణం ఇంకా మిగిలి ఉంది. అమ్మ మామూలుగా తనవైపు తిరిగి, "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగింది.

తను నన్ను చూడలేదు.

"వ్యవసాయం చేస్తడాంటీ."

ఉప్మా పూర్తిగా తిన్నది. ప్లేటు కడిగి పెట్టబోతే అమ్మ వారించింది. లిఫ్టు దగ్గర "పోయొస్తనే" అంది, ఎప్పటిలాగే. నేను కిందికి దిగి స్కూటర్ దాకా వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సింది.

సోమవారం లంచ్‌కు పిలిస్తే పనుందంది. శనివారం పిలిస్తే ఊరెళ్తున్నానంది. కోపం చూపించలేదు, మాట మానలేదు. నా టిఫిన్ డబ్బాలోంచి అడక్కుండా చేయిపెట్టి పచ్చడి తీసుకునే మనిషి, "జర ఇస్తవా" అని అడగడం మొదలుపెట్టింది. అలా అడిగిన రోజు నాకు అంతా అర్థమైంది. అర్థమై కూడా నోరు విప్పలేదు. మూడు నెలలకు పుణెలో ఉద్యోగం వచ్చిందని రాజీనామా చేసింది. ఆఫీసులో కేకు కోశారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఏడాది గడిచాక, ఓ ఉదయం అమ్మ బీరకాయలు తరుగుతూ, పక్కనున్న కెమెరా చూసి, "ఇటలీదయినా మన ఎండకు తట్టుకుందే" అంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆ అమ్మాయి నాన్న చేశారని, ఆయన ఏం పని చేస్తారో, నేనెందుకు అబద్ధమాడానో. అమ్మ అప్పటికి కెమెరాను చేతిలోకి తీసుకుని ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. బీరకాయ తడి తుడుచుకుందో, ఇంకేదైనా తుడుచుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. కాసేపటికి అంది:

"ఆ పిల్ల ఎదురుగానే అన్నావా ఆ మాట?"

"ఆఁ."

"తినే పళ్లెం ముందు కూర్చోబెట్టి!" అని మళ్లీ కత్తిపీట దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తనకు మెసేజ్ రాశాను. పండక్కి ఊరొస్తున్నానని, రాయదుర్గం స్టేషన్ దగ్గర గంటసేపు కలుస్తానని జవాబిచ్చింది. ఎన్నో రకాలుగా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఇద్దరి మధ్య కాఫీలు వచ్చాక అవన్నీ పోయాయి.

"ఆ రోజు నేను చేసింది తప్పు. క్షమించు. మీ నాన్నను దాచేశాను" అన్నాను.

తను కాఫీ కప్పు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది.

"నువ్వు మంచిదానివే. నాకెర్కే. ఆ రాత్రి ఫోన్ చేస్తవేమో అని సూసిన. తెల్లారి సూసిన. లంచ్ కాడ పక్కకు పిలుస్తవేమో అనుకున్న. రెండు నెల్లు సూసిన. ఇగ తర్వాత సూసుడు ఇడిసిపెట్టిన."

"ఇప్పుడైనా..."

"ఇప్పుడు కోపం లేదే. అది గూడ పోయింది."

కోపం ఉన్నా బాగుండేదని అప్పుడు అనిపించింది.

సంచిలోంచి వాళ్ల నాన్న ఫొటోల కవరు తీసి ఇచ్చాను. ఎప్పుడో ప్రింటు వేయించి, ఇవ్వలేక సొరుగులో పెట్టినవి. తను ఒక్కొక్కటే చూసింది. మొహం ఉన్న ఫొటో దగ్గర ఆగింది.

"నాయిన ఫొటోల నవ్వడు. గీ దాంట్ల నవ్విండు" అని దాన్ని వేలితో తుడిచి, మళ్లీ కవర్లో పెట్టుకుంది. ఆయన బాగున్నారా అని అడిగాను. చూపు కొంచెం తగ్గిందట, అయినా పని మానడట.

కెమెరా కూడా ఆ సంచిలోనే ఉంది. తనకు చూపిద్దామని తెచ్చాను. తను అడగలేదు, నేను తీయలేదు. గంట కాకముందే తను లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. మెట్లెక్కి జనంలో కలిసేదాకా చూశాను.

ఇప్పటికి నాలుగేళ్లు. పండగలకు శుభాకాంక్షలు పంపుకుంటాం. తనకు పెళ్లయిందని, పుణెలోనే ఇల్లు తీసుకున్నారని ఫొటోలు చూసి తెలుసుకున్నాను. శనివారాలు నేనింకా కెమెరా పట్టుకుని బయటికి వెళ్తాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లెవరైనా దాన్ని చేతిలోకి తీసుకుని, ఈ తోలు ఎక్కడిదని అడుగుతారు. శంకర్‌పల్లి దగ్గర నా స్నేహితురాలి నాన్న చేశారని, ఆయన చెప్పులు కుట్టి డప్పులు కడతారని, మొత్తం చెప్తాను. వాళ్లు "ఓ, సూపర్" అని తిరిగిచ్చేస్తారు. వినాల్సిన మనిషి వాళ్లు కారు.

బండరాళ్ల మీద ఎండ వాలుగా పడే వేళ, ఫొటో తీయడానికి వంగినప్పుడు, వెనకనుంచి ఎవరో విసుగ్గా పిలుస్తారని ఒక్కోసారి ఆగిపోతాను. "ఓ మేడం, జర పక్కకు జరుగు, నీ నీడ పడ్తుంది" అని. తను ఎప్పుడూ అనే మాట. నేను జరుగుతాను కూడా. ఆ ఖాళీలో ఎండ పడుతుంది. ఎవరూ ఉండరు.