మొగం చూడని పూచీ

2015 వేసవి. కర్నూలు బస్టాండు దగ్గర చిన్న గదిలో కంప్యూటర్ల అంగడి నడిపేవాణ్ణి. బోర్డు మీద రాసింది రిపేర్లని. మనసంతా మాత్రం వీడియో గేముల మిగులు గిఫ్ట్ కాపీల మార్పిడి మీదే ఉండేది.

తెలియనివారి కోసం రెండు మాటలు. అప్పట్లో నెట్‌లో కొన్ని గేములను ఫోర్‌ప్యాక్‌గా, అంటే నాలుగు కాపీలు కలిపి అమ్మేవారు. ఒకటి మనం ఆడుకుంటే మిగతావి గిఫ్ట్ కాపీలుగా మన అకౌంట్‌లోనే ఉండిపోయేవి. వాటిని ఇంకొకరి గేముతో మార్చుకోవచ్చు, కావలసినవారికి అమ్ముకోవచ్చు. సరుకు చేతికి తగలదు, ఇచ్చే మనిషి కంటికి కనపడడు. అందుకని మార్పిడి చేసేవాళ్లమంతా ఒక ఫోరంలో ఒకరి పేరు కింద ఒకరు ‘రెప్’ రాసుకునేవాళ్లం. రెప్ అంటే ఇతను నమ్మదగినవాడని చెప్పే మాట. మండీ వ్యాపారుల భాషలో పూచీ.

మా నాయన శెనక్కాయల మండీలో కమీషన్ వ్యాపారి. “వాని అంగట్లో ఒక పూట కూచోందే ఎవనికీ పూచీ పడొద్దప్పా” అనేవాడు. ఫోరంలో అంత ఓపిక ఎవరికీ లేదు. నువ్వు నాకు రాయి, నేను నీకు రాస్తా. అదీ మా పద్ధతి. అలా ఊరూ పేరూ తెలియని ఒకడికి నేను రెప్ రాశాను, వాడు నాకు రాశాడు. తర్వాత వాడు నా దగ్గర ఎవరూ అడగని పాత గేములు తీసుకుని మంచి గిరాకీ ఉన్న గిఫ్ట్ కాపీలు కొన్ని ఇచ్చాడు. ఇంత తేలిగ్గా ఎందుకిస్తున్నాడని ఒక్క క్షణం అనిపించింది. ఆశ ఆ ప్రశ్నను నిలవనివ్వలేదు.

వాటిలో ఒకటి ఇంతియాజ్‌కు అమ్మాను. అతను కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో గేమ్ పార్లర్ పెట్టుకున్నవాడు. “సరుకు మంచిదేనా అన్నా?” అని అడిగితే “నా పూచీ” అన్నాను.

నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం అతను అంగట్లోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉంది.

“నీకు ఫోన్ జేసి జేసి ఏలు నొప్పి పుట్టిందన్నా. బతికే ఉండావా?”

ఫోన్ ఎందుకో నాకు ముందే అనుమానం. అందుకే ఎత్తలేదు. అతను చూపించిన మెయిల్ చదివాను. నేనమ్మిన కాపీని మొదట ఎవరో దొంగిలించిన కార్డుతో కొన్నారు. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంది. గేముల కంపెనీ ఆ కాపీ జాడ పట్టుకుని వచ్చి ఇంతియాజ్ అకౌంట్‌కు తాళం వేసింది. ఆ కాపీ ఎవరిచ్చారో ఆధారంతో రాయాలి, లేకపోతే అకౌంట్ శాశ్వతంగా పోతుంది. ఆ సాయంత్రమే గడువు.

“పార్లర్ గేములన్నీ దాంట్లోనే ఉండాయి. ఎండాకాలం సెలవులు, నాకు పంట చేతికొచ్చే కాలం. మా మామ అప్పుడే అంటాండాడు, దొంగసొత్తు పెట్టుకున్యావంట గదా అని. నువ్విచ్చినావని రాయన్నా, చాలు.”

“రాస్తా, కూచో భాయ్” అన్నాను.

రాస్తే నా అకౌంట్‌ను కూడా తవ్వుతారు. ఆ అపరిచితుడి కాపీలు ఇంకా కొన్ని నా దగ్గరే ఉన్నాయి. మెయిల్ తెరుస్తున్నట్టే తెరిచి పక్క విండోలో వాటిని ఫోరంలోని కడప కుర్రవాడొకడికి మార్పిడికి పెట్టాను. అతను చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఇప్పుడతను ఒప్పుకుంటే చాలు, పాపం నా చేతి నుంచి అతని చేతికి పోతుంది.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పాత బ్యాటరీ, ఎంతోసేపు నిలవదు. ఇంతియాజ్ లేచి నా వెనక్కి వచ్చాడు.

“ఇదేందన్నా? నా మెయిల్ యాడ?”

అతను తెర మీదికి వంగి కాపీల పేర్లు చదివాడు.

“అదే సరుకు గదా ఇది! ఇల్లు కాలి నేనేడుస్తాంటే నువ్వు చుట్టకు నిప్పు యెతుక్కుంటాండావా?” తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “ఆ కడపోడు నిన్నెప్పుడన్నా చూసినాడా?”

“లేదు.”

“మరి దేన్ని చూసి తీసుకుంటాండాడు?”

నా పేరును చూసి. క్యాన్సిల్ నొక్కాను. అదే క్షణంలో తెర నల్లబడింది. రద్దు పడిందో లేదో తెలియదు.

“కల్లూరులో కరెంటు ఉండాది, రా” అన్నాడు ఇంతియాజ్.

అతని బండి వెనక కూర్చున్నంతసేపూ ఒకటే భయం. ఈపాటికి ఆ కుర్రవాడు ఒప్పుకుని ఉంటే? పార్లర్ షట్టర్ ఎత్తాడు. సిస్టములన్నింటికీ పాత చీరలు కప్పి ఉన్నాయి, కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఇన్నేళ్ల పరిచయంలో నేను ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదలు. చీర తొలగించి లాగిన్ అయ్యాను. రద్దు పడింది.

ఆధారం కోసం ఫోరం తెరిస్తే నేను రాసిన రెప్ తెర మీదికి వచ్చింది: ‘ఇతనితో చాలాసార్లు మార్పిడి చేశాను. నమ్మవచ్చు.’

ఇంతియాజ్ పైకి చదివాడు. “శానాసార్లు చేసినావా?”

“అది రాసేనాటికి ఒక్కసారి కూడా లేదు.”

అతను తిట్టి ఉంటే బాగుండేది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, “అది కూడా రాయి” అన్నాడు.

రాశాను. కాపీ ఇచ్చింది నేనేననీ, అబద్ధపు పూచీ రాసిందీ నేనేననీ, మిగిలిన కాపీలు ఇవిగో, వెనక్కి తీసుకోండనీ. గడువులోపలే పంపాం.

నా అకౌంట్ పోయింది, అందులో నేను నిజాయితీగా కూడబెట్టుకున్న గేములతో సహా. ఇంతియాజ్ అకౌంట్ తెరుచుకుంది, కానీ అప్పటికి బడులు కూడా తెరిచారు. ఆ వేసవిని నేనతనికి తిరిగి ఇవ్వలేకపోయాను. మార్పిడి మానేశాను. ఇప్పుడు బోర్డు మీద ఉన్న పనే చేస్తున్నాను.

ఏడాది తర్వాత కల్లూరులో కొత్తగా పార్లర్ పెట్టినతను సిస్టములు రిపేరుకు తెచ్చాడు. నా గురించి ఇంతియాజ్‌ను అడిగే వచ్చాడట. ఏమన్నాడని అడిగాను. కొంచెం మొహమాటపడి చెప్పాడు.

“‘ఒకసారి నన్ను ముంచబోయినాడు. నా పక్కన కూచోని తన తప్పు తానే రాసినాడు. నేను చూసింది అంతవరకే, ఆపైన నువ్వే చూస్కో’ అన్నాడు.”

మా నాయన తర్వాత నేను విన్న సరైన పూచీ అదొక్కటే. చూసినంతే చెప్పాడు, చూడనిది కలపలేదు. ఇప్పుడు నన్నెవరైనా ఇంకొకరి గురించి అడిగితే నేనూ అంతే చెబుతాను. చూసి ఉండకపోతే, చూడలేదంటాను.