రేకుల కింద ప్రాసెసర్

అది 1999 ఎండాకాలం. మహబూబ్‌నగర్ పాత బస్టాండు దగ్గర చిన్న మడిగెలో నేను కంప్యూటర్లు బిగించి అమ్మేదాన్ని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, హైదరాబాదులో రిపేరు పని నేర్చుకుని వచ్చి పెట్టుకున్న దుకాణం. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ నా వెనక్కి తొంగి చూసి, "సారు లేడా?" అనేవాడు. "నేనే సారును, చెప్పండి" అనేదాన్ని. కొందరు అటునుంచి అటే తిరిగి పోయేవారు. పోతే పోనీ, నష్టం వాళ్లకే అనుకునేదాన్ని.

ఖాజా మాత్రం పోలేదు. మక్తల్ నుంచి భార్య సబీహాను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏటా దసరా దాటగానే బొంబాయి బస్సెక్కి, అక్కడ బిల్డింగు పనిలో ఎండలు ముదిరేదాకా ఉండి వచ్చే మనిషి. ఇంట్లో చిన్న పాప. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన ఎత్తుకోబోతే ఎవరో పరాయివాడనుకుని గుక్కపట్టి ఏడుస్తుందట. ఇక పోయేది లేదనుకుని మక్తల్ బస్టాండు పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాడు. సబీహాకు తెలుగు, ఉర్దూ టైపింగు రెండూ వచ్చు. ఆమె పెండ్లి కార్డులు కొట్టి ప్రింటు తీస్తుంది, సెలవుల్లో ఉన్న పిల్లలు గంటకింతని ఇచ్చి ఆటలాడుకుంటారు. రెండూ ఒకే కంప్యూటర్ మీద జరగాలి.

"ఎనక ప్రింటు నడుస్తుండాలె, ముంగట పోరగాండ్లు కార్ల ఆట ఆడుతుండాలె. అన్నిటికన్న పెద్ద నంబరు ప్రాసెసర్ ఇయ్యుండ్రి మేడం. గీ దుకాణం నిలవకపోతె మల్ల నాకు బొంబయే గతి," అన్నాడు.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పు. దాని వేగాన్ని మెగాహెర్ట్జ్‌లో చెప్తారు. అప్పట్లో అందరికీ ఆ నంబరంటేనే మోజు. ఆట ఒక్కటే ఆడేవాడికి పెద్ద నంబరు మంచిదే, కాదనను. కానీ రెండు మూడు పనులు ఒకేసారి నడపాలంటే, దాన్నే మేం మల్టీటాస్కింగ్ అంటాం, ర్యామ్ కూడా దండిగా ఉండాలి. ర్యామ్ అంటే చేస్తున్న పనిని పరుచుకునే జాగా. జాగా చాలకపోతే ఎంత వేగం ఉన్న చిప్పయినా చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. ఒక మెట్టు చిన్న ప్రాసెసర్ తీసుకోండి, మిగిలిన డబ్బుతో ర్యామ్ రెట్టింపు చేస్తానని చెప్పాను.

"నంబరు తక్కువుంటె పోరగాండ్లు నవ్వుతరు మేడం."

"నవ్వనీ. మీ గది కప్పు ఏంది?"

"రేకులు."

నాకు విషయం అక్కడే అర్థమైపోయింది. పెద్ద నంబరు చిప్పు ఎక్కువ వేడెక్కుతుంది. దాని నెత్తిన హీట్‌సింక్ అని ఒక అల్యూమినియం ముక్క, దానిమీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను గదిలో ఉన్న గాలినే కదా విసిరేది? గాలే నిప్పులు కక్కుతుంటే అదేం చల్లబరుస్తుంది?

ఇదంతా చెబితే ఖాజా నవ్వాడు. "గీ ఎండల మనుషులమే పని జేస్తున్నం, గా చిప్పు చెయ్యదా?"

నాకు రోషం వచ్చింది. "సరే, రేపు మీ గదిలోనే తేల్చుకుందాం. ఆగకుండా నడిచిందా, పెద్దదే పెట్టి వస్తా," అన్నాను.

మర్నాడు కంప్యూటర్ డబ్బా, ప్రింటరు బస్సు టాపు మీద వేయించి, మానిటర్‌ను చెద్దరులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, చిప్పులు రెండూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని మక్తల్ బస్సెక్కాను. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గది కాదది, రొట్టెల పెనం! ముందు పెద్ద నంబరు చిప్పే బిగించాను. సబీహా ఒక నిఖా కార్డు రెండు భాషల్లో కొట్టి ప్రింటు ఇచ్చింది. వీధిలో తిరుగుతున్న ఇద్దరు పోరగాళ్లు ఆటకు కూర్చున్నారు. కార్లు రయ్యిన దూసుకుపోయాయి.

"చూస్తిరా మేడం!" ఖాజా మొహం వెలిగిపోయింది.

"చూస్తున్నా. ఆడనీయండి."

కాసేపటికి ఎర్ర కారు మలుపు మీద బిగుసుకుపోయింది. పోరగాడు కీబోర్డును టపటపా కొట్టాడు. "ఏందన్నా, గిట్ల ఆగింది?" ప్రింటరు కాగితాన్ని సగం బయటపెట్టి అట్లాగే నిలిచిపోయింది. సబీహా ఆ కార్డును ఇంకా సేవ్ చేయలేదు, అదీ పోయింది. ఖాజా మూత తీసి ఉన్న డబ్బాలో హీట్‌సింక్ మీద వేలు పెట్టి, చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాడు.

సబీహా లేచి నిలబడింది. "సునో జీ, నంబరు డబ్బ లోపలుంటది, ఎవ్వరికి కనబడది. ఆగితె బజారంత చూస్తది. సగం కార్డు ఇచ్చే మిషిను నాకొద్దు. మీ నంబరు నాకొద్దు. మీరు ఇంట్ల ఉండాలె, గంతే!"

ఖాజా తల దించుకున్నాడు. ఆ క్షణంలో పందెం గెలిచానన్న సంబరం నాకు ఏమాత్రం మిగల్లేదు.

పెద్ద చిప్పు తీసి చిన్నది బిగించి, పెద్ద హీట్‌సింక్ పెట్టి, రెండో ర్యామ్ ముక్క కూడా గుచ్చాను. సబీహా అదే కార్డు మళ్లీ కొట్టింది. మళ్లీ ఆ పోరగాళ్లే కూర్చున్నారు. ఎండ ఏమీ తగ్గలేదు. మసీదులో సాయంత్రపు అసర్ అజాన్ వినబడేదాకా ఆట నడిచింది, కార్డులు ఒక్కొక్కటే పూర్తిగా బయటికొచ్చాయి. నంబరెంత అని ఒక్కడు అడిగితే ఒట్టు. నా వంతంటే నా వంతని కొట్టుకున్నారు.

"గీ చిన్నదే ఉంచుండ్రి మేడం," అన్నాడు ఖాజా.

ఆనాటి నుంచి నా దుకాణంలో కాలు పెట్టినవాళ్లను బడ్జెట్ కంటే ముందు కప్పు సంగతి అడుగుతున్నాను. రేకులా, స్లాబా, బండలా? కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ. కంప్యూటర్‌ను ఎంచేటప్పుడు అది బతకబోయే గదిని, దాన్ని నమ్ముకుని బతకబోయే మనుషులను కూడా చూడాలని నాకు నేర్పింది ఆ రేకుల గదే.

దసరా దాటాక ఖాజా ప్రింటరు రిబ్బన్ కోసం వచ్చాడు. ఈసారి నన్ను మేడం అనలేదు.

"నిన్న బొంబయి బస్సు పోయిందక్కా. మా వాడోళ్లందరు ఎక్కిన్రు. నేను దుకాణం ముంగట నిలవడి చెయ్యి ఊపిన."

"పాప ఇంకా ఏడుస్తోందా నిన్ను చూసి?"

"ఏడుస్తది. పొద్దుగాల నేను దుకాణానికి ఎల్తుంటె," అన్నాడు.