ముందా తర్వాతా అంటే చెప్పడు మా బావ

మా బావతో కాసేపు మాట్లాడితే ఎంతటి శాంతమూర్తికైనా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. నేను శాంతమూర్తిని కూడా కాదు. మా అక్కని చేసుకున్నాడు కదా అని ఊరుకుంటున్నానంతే. ఎదురుగా గోడ మీద గడియారం వేలాడుతున్నా సరే, "టైమెంతయింది బావా?" అంటే "ఎక్కడ?" అంటాడు. అలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి.

ఆయన పని అంతరిక్ష నౌకలకి ఆజ్ఞలు పంపే కేంద్రంలో. అదే కేంద్రంలో జనరేటర్లు, చల్లబరిచే మిషన్లు చూసుకునేది నేను. ఆ కంట్రోల్ రూములో ఎండాకాలం కూడా స్వెట్టర్ లేకుండా కూర్చోలేం. బావ ఎనిమిదేళ్ళ నుంచీ అందులోనే కూర్చుని ఒకే ఒక్క నౌకని చూసుకుంటున్నాడు. అది దూరపు గ్రహం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ మీట నొక్కితే ఆజ్ఞ అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు. అక్కడి కబురు ఇక్కడికి రావడానికి ఇంకో ఇరవై. వెలుగుతో సమానంగా పరిగెడితేనే ఇంత. వెలుగుని మించిన పరుగు దేనికీ లేదట.

ఆ నౌక కాస్తా పోయింది. ఆ రోజు దాని బ్యాటరీ నీరసంగా ఉందని కబురొస్తే, రెక్కలు ఎండవైపు తిప్పుకోమని బావ ఆజ్ఞ పంపాడు. పంపిన ఇరవై నిమిషాలకి దాని చప్పుడు ఆగిపోయింది. ఇంక మళ్ళీ పలకలేదు. అంత సొమ్ము పెట్టిన నౌక పోతే ఎవడో ఒకడి మెడకి చుట్టాలి కాబట్టి మా బావ మెడ దొరికింది. తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటే కేంద్రం వాళ్ళిచ్చిన క్వార్టరూ పోతుంది.

హెడ్డాఫీసు నుంచి విచారణకి ఒక పెద్దాయన దిగాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్నాను కాబట్టి సాక్షిగా నన్నూ కూర్చోబెట్టారు. ఆయన లెక్క నిక్కచ్చిగానే ఉంది.

"ఆజ్ఞ చేరడానికి ఇరవై నిమిషాలని మీరే అంటున్నారు. సరిగ్గా ఇరవై నిమిషాలకే అది పోయిందనీ మీరే రాశారు. అంటే మీ ఆజ్ఞ చేరింది, అది చచ్చింది. ఇంకా ఏం కావాలి?"

ఇదంతా మా వాళ్ళ అలవాటు తెచ్చిన తంటా. కంట్రోల్ రూములో ఏదైనా సరే ఇక్కడ చెవిన పడిన వేళకే రాస్తారు. లోపలి వాళ్ళకి అది అలవాటైపోయింది, ఎవరూ ఆలోచించరు. బయటివాళ్ళు చూస్తే అక్కడ జరిగిన వేళ అనుకుంటారు. బావ ఆ సంగతి ఓపిగ్గా చెప్పాడు. ఆజ్ఞ వల్లే పోయి ఉంటే ఆ నిశ్శబ్దం మనకి నలభై నిమిషాలకి గానీ తెలియదు, పోవడానికి ఇరవై, రావడానికి ఇరవై అన్నాడు.

పెద్దాయన కాసేపు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "అయితే మీరు మీట నొక్కే వేళకే అది పోయిందన్నమాట. అంతేనా?"

అవునంటే అయిపోయేది. మేం లేచి ఇంటికి పోయేవాళ్ళం.

"అలా చెప్పలేనండి" అన్నాడు మా బావ.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్న అక్క టిఫిన్ పెడుతూ కూడా మొత్తుకుంది, "ముందే పోయిందని ఒక్క ముక్క అనండి, మీ సొమ్మేం పోయింది?" అని. "'ముందే' అన్న మాట గట్టిది కాదు" అని చేతులు కడుక్కున్నాడు ఈయన. ఇంక ఆగలేక నేనే అనేశాను. "ముందే పోయిందండీ. మా కంట్రోల్ రూము లెక్క ప్రకారం రెప్పపాటు ముందే పోయింది. మా బావకి మాట్లాడ్డం రాదు."

పెద్దాయన అది రాసుకుని, నిజమో కాదో కనుక్కుందామని నౌకల దారి లెక్కలు కట్టే సెక్షన్‌కి కబురు పెట్టాడు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. మీట నొక్కిన రెప్పపాటు తర్వాత పోయింది అని.

ఇంకేముంది, పెద్దాయన మొహం కందగడ్డలా అయింది. "ఒకరు ముందంటారు, ఒకరు తర్వాతంటారు. నా చెవిలో పువ్వులు పెడుతున్నారా?" సాక్షిగా నన్ను పట్టుకుని ఆయన దులపడం మొదలుపెట్టాడు. బావని కాపాడబోయి నేనే ముంచానా అనిపించింది.

అప్పుడు బావ లేచాడు. "వాణ్ణి తిట్టకండి. ఇద్దరి లెక్కా ఒప్పే. మేం భూమి మీద కూర్చుని లెక్కేస్తాం. దారి సెక్షన్ వాళ్ళు సూర్యుడు కదలడనుకుని లెక్కేస్తారు. భూమి పరిగెడుతోంది కదండీ. అంత దూరంలో జరిగింది ఇక్కడ జరిగినదాని కంటే ముందా తర్వాతా అన్నది, చూసేవాడి పరుగుని బట్టి మారిపోతుంది. అందుకే నేను ఆ మాట అననన్నాను."

"మరి దేన్ని నమ్మమంటావయ్యా?"

బావ ఒక కాగితం మీద చుక్క పెట్టి, అక్కణ్ణుంచి పైకి గరాటులా రెండు గీతలు గీశాడు. "చుక్క నేను మీట నొక్కిన క్షణం. పైకి పోయేకొద్దీ కాలం గడుస్తున్నట్టు. ఈ గీతలు వెలుగు దారి. నేను చేసిన పని ఏమైనా చెయ్యగలిగితే ఈ గరాటు లోపలే. నౌక పోయిన చోటు ఇదిగో, పక్కన, బయట. ఎవరు ఎంత పరిగెడుతూ చూసినా బయటున్నది లోపలికి రాదు. ముందూ వెనకా మారితే మారనివ్వండి. నా ఆజ్ఞ దాన్ని అందుకోలేదన్నది మారదు."

పెద్దాయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. దారి సెక్షన్‌కి మళ్ళీ కబురు పెట్టి, ఇది నిజమేనా అని అడిగాడు. ఈసారి బావా, వాళ్ళూ ఒకే మాట అన్నారు. "ఈ ముక్క పొద్దున్నే ఏడవొచ్చుగా" అని విసుక్కుంటూనే పెద్దాయన, ఈయన చర్య వల్ల నౌక పోయే అవకాశమే లేదని రాసి సంతకం పెట్టాడు. పొద్దుటి నుంచీ ఈయన ఏడుస్తున్నది ఆ ముక్కే, వింటే కదా.

నకలు చేతికిచ్చారు. దారి పొడుగునా నేనే వాగాను. తలుపు తీసిన అక్క ఆయన మొహం చూసి గుమ్మంలోనే కూలబడింది.

"పోలేదే అక్కా, ఉద్యోగం ఉంది. నిక్షేపంలా ఉంది" అన్నాను.

"మరి ఈయన కళ్ళేంట్రా ఇలా ఉన్నాయి?"

నాకేం తెలుసు. బావ ఆ కాగితం అక్క చేతిలో పెట్టాడు. అక్క కూడబలుక్కుంటూ చదివి, "మీ వల్ల పోలేదని రాశారుగా, ఇంకేం కావాలి మీకు?" అంది, సగం కోపంగా.

"అవునే, నా వల్ల పోలేదు" అన్నాడు బావ చెప్పులు విప్పుతూ. "దాన్ని బతికించుకుందామని పంపిన ఆజ్ఞ అది. అదీ అందలేదనేగా రాసింది."