రెట్టింపు అన్న మాట

దక్షిణ ఆస్ట్రేలియాలోని కోవెల్ ఊరి పబ్బులో శుక్రవారం సాయంత్రాలు, మాంసం పళ్ళెం బహుమతిగా పెట్టిన లాటరీకి చీట్లు అమ్మే పని గ్లెనిస్ హాకింగ్‌కి ఎవరూ అప్పగించలేదు. ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్ళు సిగ్గుపడుతూ బల్లల మధ్య తిరగడం చూసి ఓర్చుకోలేక, ఒకరోజు వాళ్ళ చేతిలోంచి చీట్ల కట్ట లాక్కుంది. అప్పట్నించీ ఆ పని ఆవిడదే.

"ఏంటి బార్నీ, జేబుకి కుట్టు వేయించుకున్నావా? చెయ్యి దూరట్లేదే."

"మొన్ననే కొన్నాను కదా గ్లెన్."

"మొన్న తిన్నావు, మళ్ళీ ఇవాళ తినవూ?"

బార్నీ కొనేవాడు. అందరూ కొనేవారు. ఆవిడ గొంతు పెద్దది. పగలంతా ఆల్చిప్పల షెడ్డులో చన్నీళ్ళలో చేతులు నానబెట్టుకుని, చిన్నవీ పెద్దవీ వేరుచేస్తూ, యంత్రాల రొదకి పైన మాట్లాడి మాట్లాడి అలా తయారైంది. భర్త మెర్వ్ బడి బస్సు నడిపేవాడు. ఎంతో అవసరమైతే తప్ప నోరు విప్పేవాడు కాదు. ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆవిడే వాడేసుకుంటుందని ఊళ్ళో అనుకునేవారు.

మెర్వ్‌కి ముందు బస్సు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చింది. తర్వాత బూటు తాళ్ళు కట్టుకోవడానికి వంగితే వచ్చింది. ఎడిలెయిడ్‌లో పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, ఊపిరితిత్తులు ఎండిన తోలులా గట్టిపడుతున్నాయన్నాడు. ఎందుకంటే తెలియదన్నాడు. మందు ఉందా అంటే, కాస్త నెమ్మదిపరిచేది ఉందన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మెర్వ్ కిటికీలోంచి గోధుమ చేలు చూస్తూ కూర్చున్నాడు. పోర్ట్ అగస్టా దాటాక ఒక్క మాటన్నాడు: "నా మాటలు కూడా నువ్వే మాట్లాడటం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది." మూడో చలికాలం రాకుండానే పోయాడు.

గ్లెనిస్ ఖాళీగా కూర్చోగలిగిన మనిషి కాదు. అంత్యక్రియలైన నెలకే బేకరీ ముందు బల్ల వేసి, కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకులు అమ్మి, వచ్చిన డబ్బు ఊపిరి నిధి అనే సంస్థకి పంపింది. ఆ జబ్బుకి మందు కనిపెట్టే పరిశోధనకి ఆ సంస్థ డబ్బు పోగుచేస్తుంది. మరుసటి ఏడు ఎండలు తగ్గాక సముద్రం ఒడ్డున జెట్టీ దాకా విరాళాల కోసం ఒక నడక పెట్టింది. ఊరంతా నడిచింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. అప్పుడే ఎడిలెయిడ్ నుంచి టాంసిన్ అనే అమ్మాయి కారేసుకుని వచ్చింది. ఊపిరి నిధికి విరాళాలు రాబట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. మంచి పిల్ల. వంటింట్లో కూర్చుని, టీ తాగి, మెర్వ్ ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. చివరికి ఒకటి పక్కకి తీసింది.

అందులో మెర్వ్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చేతి వెనకవైపుతో తుడుచుకుంటున్నాడు.

"ఇది చాలు" అంది టాంసిన్ మెల్లిగా.

అది మెర్వ్ పుట్టినరోజునాటి ఫోటో. గ్లెనిస్ తమ్ముడు లెస్ చిన్న పడవలో నిలబడి, పట్టిన చేపని అందరికీ చూపించబోయి, చేపతో సహా నీళ్ళలో పడ్డాడు. అది చూసి మెర్వ్ ఊపిరాడనంతగా నవ్వాడు. ఆ నవ్వుకి వచ్చిన నీళ్ళవి. ఆ సంగతి గ్లెనిస్ చెప్పబోయింది, కానీ చెప్పలేదు.

ఫోటో పోస్టరైంది. బస్టాపుల్లో, మందుల షాపుల్లో వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "మెర్వ్ కన్నీళ్ళు మీరు చూస్తున్నారు. చూసి ఊరుకుంటారా?"

వయల్లా నుంచి కూతురు కెరిన్ ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న అందులో నవ్వుతున్నాడు."

"తెలుసు."

"తెలిసీ ఎలా ఇచ్చావు?"

"నాన్న ఏడ్చిన రోజులు లేవా? ఆ రోజుల్లో ఫోటోలు ఎవరు తీశారే? దొరికిందిచ్చాను."

కెరిన్ ఆ తర్వాత కొన్ని వారాలు ఫోన్ చేయలేదు.

పోస్టరుతో పాటు టాంసిన్ ఒక వాక్యం కూడా ఇచ్చింది. "ఈ జబ్బు వచ్చాక అయిదేళ్ళకి పైగా బతికేవారు ఈ ఇరవై ఏళ్ళలో రెట్టింపయ్యారు." గ్లెనిస్ ఆ వాక్యం పట్టుకుని క్లీవ్, కింబా, టంబీ బే ఊళ్ళన్నీ తిరిగింది. రైతుల సంతల్లో, బౌలింగ్ క్లబ్బుల్లో, చర్చి హాళ్ళలో మాట్లాడింది. ముందు మెర్వ్ బూటు తాళ్ళ కథ చెప్పేది. హాల్లో ముక్కులు ఎగబీల్చడం వినిపించేది. అప్పుడు కాస్త ఆగి, గొంతు తగ్గించి, "రెట్టింపు" అనేది. ఆ మాట ఎక్కడ విడవాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు, దానంతటదే తెలిసింది. ఎండకి కమిలిన మెడలున్న పెద్ద పెద్ద మగాళ్ళు లేచి వచ్చి బకెట్లో నోట్లు వేసేవారు.

అలా వేసినవాళ్ళలో రాస్ ఫిట్స్‌నర్ ఒకడు. క్లీవ్ దగ్గర గోధుమ రైతు. రెండేళ్ళు తిరక్కుండా ఆ జబ్బు అతనికే వచ్చింది.

ఆ ఏటి నడకకి ముందు వారం అతనే వచ్చి గ్లెనిస్ ఇంటి తలుపు కొట్టాడు. పెరట్లో కాసిన నిమ్మకాయలు సంచినిండా తెచ్చాడు. మెట్లెక్కినందుకు రొప్పుతూనే నవ్వుతున్నాడు.

"అదృష్టవంతుణ్ణి గ్లెన్. నీ మాటలు ముందే వినుండకపోతే డాక్టరు చెప్పగానే అక్కడే కూలబడేవాణ్ణి. రెట్టింపన్నావుగా. అదే పట్టుకున్నాను."

గ్లెనిస్ నిమ్మకాయలు గిన్నెలో పోస్తూ, "మార్లీన్ ఎలా ఉంది?" అని అడిగింది. మార్లీన్ అతని భార్య.

"బాగానే ఉంది. ఎస్పరెన్స్ వెళ్దాం పద అని ఒకటే గోల. మా అన్న ఐవన్ అక్కడే ఉన్నాడు కదా. నాన్న పొలం పంచుకున్నప్పటి నుంచీ మాటల్లేవు. ఈ శీతాకాలమే వెళ్దామనుకున్నాం. ఇప్పుడు తొందరేముందిలే అన్నాను. ఇంకో రెండు పంటలు తీసి, అప్పులు తీర్చి, తల ఎత్తుకుని వెళ్తాను. టైముందిగా."

అతను వెళ్ళాక గ్లెనిస్ గిన్నె ముందే నిలబడిపోయింది. మెర్వ్ ఆఖరి రోజులు కళ్ళారా చూసిన మనిషి ఆవిడ. టైముందన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఆ రెట్టింపు ఎంతకి రెట్టింపని తను అడగనేలేదు.

టాంసిన్‌కి ఫోన్ చేసి అడిగింది.

"నూటికి నలుగురు బతికేవారు. ఇప్పుడు ఎనిమిదిమంది" అంది టాంసిన్.

"ఎనిమిదే?"

"రెట్టింపే కదా. అబద్ధం కాదు." తర్వాత ఆ అమ్మాయే అంది, "ఇంకోటుంది. మీకు తెలియడం మంచిది. ఇప్పుడు స్కానింగులు మెరుగై జబ్బుని ముందుగానే పట్టుకుంటున్నారు. అందుకని లెక్క కూడా ముందునుంచే మొదలవుతోంది. పెరిగిన ఆ నలుగురూ నిజంగా ఎక్కువ బతుకుతున్నారో, ముందు తెలుసుకోవడం వల్ల అలా కనిపిస్తోందో మా డాక్టర్లే ఇదమిత్థంగా చెప్పలేరు."

గ్లెనిస్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "అంటే బస్సు చేరే వేళ అదే. ఒక స్టాపు ముందు ఎక్కారు, అంతే. ప్రయాణం పెరిగిందంటున్నాం."

"కొంతవరకు అంతే."

"మరి అలాగే చెప్పచ్చుగా తల్లీ."

"చెప్పి చూశాం గ్లెనిస్. నూటికి ఎనిమిదంటే ఎవరూ ఇవ్వట్లేదు. ఎలాగూ పోయేవాళ్ళేగా అనుకుంటారు. రెట్టింపంటే ఇస్తారు. ఆ డబ్బుతోనే లాబ్ నడుస్తోంది. ఆ లాబ్ మూసేస్తే ఆ ఎనిమిది పదహారెప్పుడవుతుంది? మీరే చెప్పండి."

గ్లెనిస్ ఫోన్ పెట్టేసింది. ఆ పిల్ల మోసగత్తె కాదు. అలాంటిదైతే నాలుగు తిట్టి ఊరుకునేది.

మర్నాడు పొద్దున్నే ఫిట్స్‌నర్ల పొలానికి వెళ్ళింది. రాస్ వంటింట్లో కూర్చుని వాన లెక్కలు చూసుకుంటున్నాడు. మార్లీన్ టీ పెట్టి, పళ్ళ కేకు కోసింది. గ్లెనిస్ కేకు ముట్టుకోలేదు. విన్నదంతా విన్నట్టు చెప్పింది. అంత నెమ్మదిగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

రాస్ వాన లెక్కల కాగితాలు పక్కకి జరిపాడు.

"ఆ ఎనిమిదిలో నేనుండచ్చుగా."

"ఉండచ్చు. ఉండాలనే నా కోరిక. కానీ దాన్ని నమ్ముకుని మీ అన్న దగ్గరికి వెళ్ళడం ఆపకు రాస్."

మార్లీన్ చేతిలో కత్తి బల్లమీద పెట్టింది. "ఆశ పెట్టిందీ నువ్వే, పీక్కుపోడానికి వచ్చిందీ నువ్వే. ఈయన రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు గ్లెనిస్. డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నిద్రపోతోంది ఇప్పుడే. నీకెవరిచ్చారు ఈ హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు చెప్పడానికి కూడా ఎవరూ ఇవ్వలేదు."

"అయితే వెళ్ళు."

గ్లెనిస్ లేచి వచ్చేసింది. కారు గేటు దాటేదాకా ఆపుకుని, దాటాక పక్కకి తీసి ఏడ్చింది. మెర్వ్ పోయాక అంతలా ఏడవడం అదే మొదలు.

నడక రోజు జెట్టీ దగ్గర ఎప్పటిలా జనం గుమిగూడారు. సాసేజ్‌లు కాలుతున్న వాసన. టాంసిన్ కూడా వచ్చింది. గ్లెనిస్ మైకు పుచ్చుకుని మెర్వ్ పోస్టరు వైపు చూపించింది.

"ఇందులో మా ఆయన ఏడవట్లేదు. మా లెస్ చేపని పట్టుకుని పడవలోంచి పడ్డాడు. అదిగో, ఆ వెనకాల దాక్కుంటున్నాడే, వాడే. అందుకు నవ్వుతున్నాడు మెర్వ్. ఏడ్చిన రోజులు వేరే ఉన్నాయి, అవి నా దగ్గరే ఉంటాయి."

జనం నవ్వారు. లెస్ టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. నవ్వులు తగ్గాక ఆవిడ అంది, "నేను రెట్టింపని చెప్పినదానికి అర్థం, నూటికి నలుగురు అయిదేళ్ళు దాటేవారు, ఇప్పుడు ఎనిమిదిమంది. అంతే. అది నేను అడిగి తెలుసుకోకుండా మీకు చెప్పాను. మిగిలిన తొంభైరెండుమందినీ నిలబెట్టే మందు ఇవాళ లేదు. రేపు ఉంటుందో లేదో నాకు తెలియదు, తెలిసినవాళ్ళు లేరు. వెతుకుతున్నవాళ్ళకి డబ్బు కావాలి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి."

ఎక్కడా ఆగలేదు, గొంతు తగ్గించలేదు. బకెట్లు తిరిగాయి. కిందటేటికి సగం కూడా రాలేదు. బార్నీ ఎప్పటిలా వేసి, "ఇదేం బేరం గ్లెన్, సరుకు నువ్వే తిట్టుకుంటే ఎవడు కొంటాడు?" అన్నాడు. కొంతమంది ఇన్నేళ్ళూ మోసపోయామన్నట్టు చూసి, పలకరించకుండా వెళ్ళిపోయారు. అది ఆవిడని బాధపెట్టింది. దానికి సిద్ధపడే వచ్చినా బాధపెట్టింది.

టాంసిన్ కారెక్కే ముందు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నాకు కోపం లేదు. కానీ పోస్టరు మార్చాలి." మూడు నెలల్లో ఇంకో ఊరి చిన్నపిల్ల బొమ్మ వచ్చింది. ఊపిరి నిధి వాళ్ళు గ్లెనిస్‌ని మళ్ళీ మాట్లాడమని పిలవలేదు. నడక జరిగిన సాయంత్రం మాత్రం కెరిన్ ఫోన్ చేసి, లెస్ మామయ్య పడ్డ కథ మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంది.

రాస్ చాలా రోజులు కబురు పెట్టలేదు. ఆగస్టు చలిలో మాత్రం, విమానం ఎక్కకూడదన్నారని, మోసుకెళ్ళే ఆక్సిజన్ యంత్రం కారులో పెట్టుకుని భార్యతో చెట్టూ చేమా లేని నలర్బార్ మైదానం దాటి, పడమటి తీరాన ఉన్న ఎస్పరెన్స్ వెళ్ళాడు. అన్నదమ్ములు మొదటిరోజే మళ్ళీ పొలం గట్టు గురించి పోట్లాడుకున్నారు. రెండోరోజు చేపలకి వెళ్ళారు. అక్కడ మూడు వారాలున్నారు. ఆ వేసవిలో, ఏ జబ్బూ లేని ఐవన్ ట్రాక్టరు దిగుతూ గుండె ఆగి పోయాడు.

రాస్ ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాడు. డాక్టర్లు అనుకున్నదానికంటే ఎక్కువే. అయిదేళ్ళ లెక్కకి మాత్రం కొద్ది నెలలు తక్కువైంది. ఆ రోజుల్లో పరీక్షలకని వయల్లాకి అతన్ని తీసుకెళ్ళిందీ తెచ్చిందీ ఎక్కువగా గ్లెనిస్సే. విరాళాల పని తగ్గాక ఆవిడ అలాంటి రోగుల్ని ఆసుపత్రులకి తిప్పే పని పెట్టుకుంది. దారిలో జబ్బు మాటలు తక్కువ, ఫుట్‌బాల్ తగాదాలు ఎక్కువ.

రాస్ అంత్యక్రియల తర్వాత క్లీవ్ హాల్లో మార్లీన్ అందరికీ టీ పోస్తూ గ్లెనిస్ దగ్గరికొచ్చి ఆగింది.

"నీమీద నాకింకా కోపమే."

"ఉండనీ."

"ఆయన ఎస్పరెన్స్ వెళ్ళకపోయుంటే ఆ కోపం ఇంకా ఎక్కువ ఉండేది." కప్పు అందించి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాళ్ళు పీకుతున్నాయి. ఆ శాండ్‌విచ్‌లు ఇటు తోయి."